అటూ ఇటూ ఇరవై లక్షలు

పేరేచర్ల దాటాక
రెండో క్రషర్ వెనక గుంతలో
బూడిదరంగు కొండకి అడ్డంగా ఒక నల్ల చార.
ఎద్దులబండి పట్టేంత వెడల్పు.
క్వారీలో దాన్ని ఇనపరాయి అంటారు.
సుత్తుల్ని మొద్దుబారుస్తుందని
మేస్త్రీకి దానిమీద కోపం.
నాకు దానితోనే పని.

నా సుత్తి చూసి నాంచారమ్మ నవ్వింది:
"దీంతో చింతపిక్క కూడా పగలదమ్మాయ్."
తన సుత్తితో మూడు దెబ్బలు.
పిడికెడు పెచ్చులు రాలాయి,
నీళ్ళు తగలకుండానే తడిగా మెరుస్తూ.
గుడ్డసంచిలో వేసి, సంచిమీద నంబరు రాశాను.

"ఏం చేస్తారు?"
వయసు కడతాం.
"రాయికా!"

నాకొచ్చినట్టు చెప్పాను.
ఇది ఒకప్పుడు కాగే పులుసు.
పైన నేల చీలుతుంటే
ఆ చీలికలోకి ఎగదన్నుకొచ్చి అక్కడే గడ్డకట్టింది.
ఇందులో పొటాషియం ఉంటుంది,
కాస్తకాస్తగా ఆర్గాన్ అయిపోతుంది.
కాగుతున్నంతసేపూ ఆ వాయువు పారిపోతుంది,
చల్లారాక పోలేదు.
లోపల పోగైందాన్ని కొలిస్తే
చల్లారి ఎన్నేళ్ళయిందో తెలుస్తుంది.

ఆమె తట్ట బోర్లించి కూచుంది.
"నా ఆధార్ కార్డులో జనవరి ఒకటి.
మా ఆయనకీ అదే, మా అత్తకీ అదే.
దివిసీమ ఉప్పెన్నాడు
అమ్మ నన్ను నెత్తినెట్టుకుని గడ్డివామెక్కిందంట.
అప్పటికి నాకు నడకొచ్చిందో లేదో
అడుగుదామంటే అమ్మ లేదు."

ఇదీ అంతే, అన్నాను.
పుట్టింది ఎప్పుడో కాదు,
చుట్టూ విరిగింది ఎప్పుడో చెబుతుంది.
"ఏం విరిగింది?"
మన తూర్పుగట్టు. దానికి ఆనుకుని ఇంకో నేల ఉండేది,
సూర్యలంక దగ్గర సముద్రం ఉండేది కాదు.
"అదేదీ ఇప్పుడు?"
దక్షిణాన, మైళ్ళ లోతు మంచు కింద.
"దానికీ ఇట్టాంటి చార ఉంటదా?"
ఉండొచ్చు. ఎవరూ చూడలేదు.
"పోన్లే," అంది, "క్రషర్ ఎట్టరు."

ఎనిమిది నెలలకి ఫలితం వచ్చింది:
పదకొండు కోట్ల ఎనభై లక్షల ఏళ్ళు,
అటూ ఇటూ ఇరవై లక్షలు.
ఆ అటూ ఇటూలోనే
అమరావతి స్తూపం, ఉండవల్లి గుహలు,
మొదటిసారి రాయితో రాయిని కొట్టిన చెయ్యి,
అన్నీ పట్టేస్తాయి. ఇంకా జాగా మిగులుతుంది.

చెబుదామని వెళ్ళాను.
గుంతనిండా వాననీళ్ళు. చార లేదు.
బైపాస్‌కి తోలారంట, నలభై టిప్పర్లు.
కాటా గుమాస్తా మీరావలి
రసీదు పుస్తకం తిరగేసి తేదీ చెప్పాడు, టైముతో సహా.
నాంచారమ్మ మిర్చియార్డుకి పోతోందంట,
తొడాలు తీయడానికి.

తిరుగు బస్సు బైపాస్ మీదే వెళ్ళింది.
కొత్త తారు, కుదుపు లేదు.
ఎక్కడో చక్రాల కింద
ఆ పొటాషియం ఇంకా ఆర్గాన్ అవుతూనే ఉంది,
ఎవరూ లెక్కపెట్టకుండా.

నా సంచిలో ఒక పెచ్చు మిగిలింది.
యార్డు స్టాపులో దిగాను,
తుమ్ముకుంటూ.