చిటికెనవేలు పట్టేంత పగులు

నాకు బొమ్మల సంగతి తెలియదు.
నాది వ్యాను.
బరువెంత, తలుపులో పడుతుందా లేదా,
వానకి తడవొచ్చా కూడదా,
అంతవరకే నా చదువు.

సైవ్ కొట్టం బెల్‌ముల్లెట్ దాటాక,
రోడ్డు సముద్రాన్ని చూసి మనసు మార్చుకునే మలుపులో.
పీట్ బురదలోంచి లాగిన ఓక్ దుంగలు
గోడకి చేరబడి ఉంటాయక్కడ, కాటుకంత నల్లగా.
వేల ఏళ్ళు నీళ్ళలో నానిన చెక్క.
"తొందరపెడితే అలుగుతుంది" అంటుంది.
మూడేళ్ళు నీడన ఆరబెడుతుంది.
మూడేళ్ళు!
నా వ్యానులే అన్నాళ్ళు నాతో కాపురం చెయ్యలేదు.

లోపల మనిషున్నాడని ముందే తెలుస్తుందా అని ఒకసారి అడిగాను.
మగ్గులో టీ పోస్తూ,
"అది మొండికేసిన చోట నేను ఆగుతాను,
నేను మొండికేసిన చోట అది లొంగుతుంది" అంది.
ఇలాంటి మాటలు పత్రికలవాళ్ళకి దాచుకోమన్నాను.

రాయితో వేరే బేరం.
సున్నపురాయిని ముందు సుత్తితో పలకరించి
చెవి ఒగ్గి వింటుంది.
ఖంగుమంటే మంచిది.
తుస్సుమంటే లోపలెక్కడో విరిగిందన్నమాట.
"మా ఆయనదీ తుస్సే" అంది,
ఉలి పదును చూసుకుంటూ.

నేను మోసిన మనిషి
రాతి దిమ్మ మీద కూర్చుని
బూటు విప్పుకుంటున్న పీట్ కోతగాడు.
ముఖం సగమే చెక్కింది.
తక్కిన సగం చెట్టు ఎట్లా పెరిగిందో అట్లాగే, కణుపులతో సహా.
వీపు మాత్రం...
ఆ వీపు ఎత్తుతుంటే నా నడుం నాకు గుర్తొచ్చింది.
పగలంతా వంగినవాడికి గానీ తెలియదు,
బూటు లాగబోయే ముందు
ఒక్క గుక్క ఊపిరి బిగబట్టడం.
చెక్కకి అదెవరు చెప్పారు?

దుప్పట్లు చుట్టి, దేశం ఈ చివర నుంచి ఆ చివరికి తోలి
కిలినీలో ఒక పెద్ద ఇంట్లో దించాను.
జనవరిలో ఫోను.
అర్ధరాత్రి తుపాకీ పేలినట్టు చప్పుడట.
లేచి చూస్తే మెడ నుంచి నడుం దాకా
వీపు విచ్చుకుందట.
బాగుచెయ్యి, లేదా డబ్బు తిరిగివ్వు.

నేనే తీసుకెళ్ళాను.
ఆమె ఒళ్ళో డబ్బా: తేనెమైనం, జిగురు, నల్లటి రంపపు పొట్టు.
నాలుగు గంటల దారిలో ఒక్కటే మాట, మల్లింగార్ దగ్గర:
"ఇంకో చలికాలం ఆగాల్సింది."
ఈడు రాని బిడ్డని బడిలో వేసిన తల్లి గొంతు అది.

వెళ్ళేసరికి
ఆ ఇంటి పిల్లాడు ఫియాక్రా, ఆరేళ్ళవాడు,
బొమ్మ వెనక బోర్లా పడుకుని
పగులులో ఏదో దూర్చుతున్నాడు.
బస్సు టికెట్టు. సముద్రపు పిట్ట ఈక.
నిన్న ఊడిన పాలపన్ను.
"ఈయనకి జేబు వచ్చింది" అన్నాడు.
వాళ్ళమ్మ, "తియ్యి ముందు అవన్నీ!"

సైవ్ మోకాళ్ళ మీద కూర్చుంది.
చిటికెనవేలు రెండో కణుపు దాకా దూర్చింది.
చాలాసేపు తియ్యలేదు.
"ఇంకా ఏమున్నాయి లోపల?"
"చెప్పకూడదు."
డబ్బా మూత బిగించేసింది.
"నేను ముట్టుకోనమ్మా. డబ్బు కావాలంటే ఇచ్చేస్తాను."

ఆవిడ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది.
ఏమీ అనలేదు.
గోడ దగ్గరికి పోయి
హీటరు రెండు గీతలు తగ్గించింది.

తిరుగు దారిలో ఆకలన్నది. చిప్స్ తిన్నాం,
వెనిగర్ మరీ ఎక్కువ.
ఆ రాత్రి బూటు విప్పుతూ నన్ను నేనే గమనించుకున్నాను.
బిగబట్టాను, ఒక్క గుక్క.

పెట్రోలు డబ్బులు అడిగితే
విరిగిన సున్నపురాయి ముక్క చేతిలో పెట్టింది.
తలుపుకి అడ్డం వేసుకున్నాను.
అట్లాంటిక్ గాలి తోసినప్పుడల్లా
ఖంగుమంటుంది.