బ్లేడు గీసిన చోట

అజో ఊరు దాటి తూర్పుకి వెళ్తే
తారు ఒకచోట చటుక్కున ఆగిపోతుంది.
అక్కణ్ణించి ముప్పై ఎనిమిది మైళ్ల మట్టిరోడ్డు
వెర్లీన్ ఆంటోన్‌ది.
పసుపు గ్రేడరు, చిరిగిన సీటు,
అద్దానికి వేలాడే తమ్ముడి టోపీ.

మూడేళ్ల కిందట కాగితం వచ్చింది:
ఎడమ అంచు నాలుగడుగులు వెడల్పు చెయ్యాలని.
ఆ అంచునే లూపిన్ పూసేది.
నీలమూ కాదు, ఊదా కాదు,
గ్యాసుపొయ్యి మంటకి మొదట్లో ఉండే రంగు.

అప్పటికి మే నెల. పువ్వు లేదు.
ఎండిన కాయలు టపటపా మెలిదిరిగి పేలి
గింజల్ని విసిరేస్తున్నాయి.
కొన్ని వచ్చి రేకుకి తగిలాయి,
తలుపు కొట్టినట్టు.
వెర్లీన్ బ్లేడు దించింది.

ఆ రాత్రి టెపరీ చిక్కుళ్లు ఉడికాయి గానీ
ముద్ద దిగలేదు.
అవీ ఆ వంశమే కదా.

రెండేళ్లు వాన మొహం చాటేసింది.
మూడో డిసెంబరులో
తొందర లేని వాన, ముసలమ్మ నడకలా,
మూడు విడతలు.

ఫిబ్రవరిలో మేనల్లుడు డెల్‌రాయ్ కిటికీలోంచి అరిచాడు:
"అత్తా, రోడ్డుకి అంచు కుట్టారెవరో!"
సరిగ్గా నాలుగడుగులు.
బ్లేడు ఎక్కడ వంకరపోయిందో
నీలమూ అక్కడ వంకరపోయింది.

గింజ పెంకు మహా మొండిది.
నీళ్లు పోసినా తాగదు.
ఒంటిమీద గీత పడితేగాని
లోపలికి తడి దిగదు.
ఆ గీత కోసం వాగు రాళ్లతో దొర్లుతుంది,
ఏళ్లకేళ్లు ఇసుకతో ఒరుసుకుంటుంది.
ఈసారి పదహారు టన్నుల ఇనుము దొరికింది.

వెర్లీన్ ఒక మొక్కని వేరుతో పెకలించి
బుడిపెని గోటితో చీల్చింది.
లోపల లేత ఎరుపు, పచ్చిమాంసంలా.
గాలిని పట్టి మట్టికి వండిపెట్టే చోటు అది.
జనుముని దున్ని కలిపినట్టు
దీన్ని కలిపే రైతు ఎవరూ లేరిక్కడ.
ఎండ చంపుతుంది, చెదలు మోస్తాయి,
వచ్చే ఏడు గడ్డి ఆ బాకీ మీద మొలుస్తుంది.

తుమ్మెద వాలని పువ్వు నుదుట తెల్ల బొట్టు.
వాలి వెళ్లాక అది ముదురెరుపు:
విస్తళ్లు ఎత్తేశాం, పక్కింటికి వెళ్లు.
డెల్‌రాయ్ ఎర్రవి లెక్కపెట్టడం మొదలుపెట్టి
నూటనాలుగు దగ్గర విసిగిపోయాడు.

"అయితే మంచే చేశావుగా అత్తా" అన్నాడు.

ఆమె కుడిచేత్తో చూపించింది:
నీలం తెగిన చోట ఒక గుంట.
అక్కడొక పాలోవెర్డె ఉండేది,
దాని నీడలో దాక్కుని జానెడు సగువారో.
అరవై ఏళ్లకి జానెడు కాదు,
ఇరవై ఏళ్లకి అనుకుందాం.
ఏ వానకీ అవి రాలేదు.

సీటు కింద కొత్త కాగితం ఉంది,
ఈసారి కుడి అంచు.
ఇంజను ఆపి
చాలాసేపు మడతలు విప్పలేదు.
టోపీ ఊగుతోంది.
బయట ఒక కాయ, ఇంకా పచ్చిదే,
ఎండవైపు కొద్దికొద్దిగా తిరుగుతోంది.