జీరో చూస్కో

పగటీలి రెండింటికి డ్యూటీ ఎక్కితే
రాత్రి పది దాక నా నోట్లె ఒకటే మాట:
"జీరో చూస్కో అన్నా."
"జీరో చూస్కో అక్కా."
చూసేటోళ్లు చూస్తరు,
ఫోన్ల మొఖం వెట్టినోళ్లు ఊకె తలూపుతరు.
నాజిల్ ఒత్తంగనే సున్న కరిగిపోయి
అంకెలు ఉరుకుతయి.

మొన్న శుక్రారం కంపెనీ నుంచి ఫ్లెక్సీ వచ్చింది.
ములుగు రోడ్డంత కనవడాలని
గాలి కొట్టే మిషన్ మీద కట్టిండ్రు.
పచ్చటి ఆకు, ఆకు నడుమ భూమి,
భూమి చుట్టూ రెండు చేతులు,
గోర్లల్ల మట్టి లేని చేతులు.
"2046 నాటికి మేము నెట్ జీరో."
నిచ్చెన పట్టుకున్నది నేనే.

"నెట్ జీరో అంటే ఏంది సార్?"
సారంగపాణి సారు హైద్రాబాదుల మీటింగుకు పోయొచ్చిండు,
కొత్త బ్యాగు గూడ ఇచ్చిండ్రు.
"ఎంత పొగ ఇడుస్తమో అంత మళ్ల మింగుడు" అన్నడు.
"ఎవలు మింగుతరు?"
"చెట్లు మింగుతయి. పైన సోలార్ పలకలు వెట్టినం గద.
ఆఫీసుల ఏసీలు, రిఫైనరీల పొయ్యిలు, అన్ని లెక్కల ఉన్నయి."
"మరి ఇది?"
నాజిల్ లేపి చూపిచ్చిన.
కొసకు ఒక చుక్క ఏలాడుతున్నది.
"అది కొన్నోని లెక్క.
అమ్మినంక పొగ మనది గాదు."

మా వాడకట్టుల గుడుంబ అమ్మిన రాజవ్వ
గిదే మాట అనేది,
నేను సీసనే అమ్మిన, తాగింది వాడు అని.
ఆ తాగినోళ్లల్ల మా నాయిన ఒకడు.

చెట్లంటే యాదికొచ్చింది.
బంకు ఎనుక ఇరవై మొక్కలు వెట్టిండ్రు,
నీళ్లు పోసుడు నా పని.
బతికినయి పదకొండు. రిజిస్టర్ల ఇరవై.
ఫొటో దిగేనాడు నర్సరీ నుంచి
తొమ్మిది కుండీలు కిరాయికి తెచ్చిండ్రు.

కంపెనీకి లెక్క రాదనకుండ్రి.
ట్యాంకర్ రాంగనే కట్టె ముంచి కొలుస్తరు.
ఎండకు ఆవిరైన పెట్రోలుకు గూడ ఒక గడి ఉన్నది.
అంతకు మించి ఐదు లీటర్లు తగ్గినా
రాత్రి డ్యూటీవోళ్ల జీతంల కోత.
గాలిల కలిసినదాన్ని
చుక్క పోకుండ రాస్తరు,
పోయింది తమదైతే.

నేను పత్తిత్తునని అంటలేను.
పదకొండు వేల ఐదొందలు ఇక్కడిదే, పొల్లగాని ఫీజు ఇక్కడిదే.
పక్కల పండుకుంటె వాడు
"అమ్మా, నువ్వు బండి వాసనొస్తవ్" అంటడు.
నా స్కూటీకి గూడ నేనే పోసుకుంట,
జీరో చూస్కొని.

ఆ సోమారం నాలుగింటికి
రాళ్లవాన.
రేకుల మీద కంకర గుమ్మరిచ్చినట్టే.
రాత్రి ఎనిమిదింటికి గుగులోతు లచ్చిరాం వచ్చిండు,
ట్రాలీ ఆటోల డబ్బా వట్టుకొని.
ఎనుమాముల యార్డుల నలభై రెండు బస్తాలు,
తేజ మిర్చి,
అద్దగంటల నాని బురద.
ఉన్న పరదాలు ముందొచ్చినోళ్లకే సాలలేదట.
రెండొందల డీజిల్ పొయ్యుమన్నడు.
"జీరో చూస్కో అన్నా."
ఆయన మీటర్ చూడలేదు.
ఫ్లెక్సీ దిక్కు చూసిండు, చదువ రాదు.
"అవి ఎవలి చేతులమ్మా?"
నాకేం చెప్పొస్తలేదు.
"మందంగనే ఉన్నట్టున్నది పట్టా," అన్నడు మళ్ల.

తూర్పు దిక్కు ఇంకో మొగులు లేస్తున్నది.
సారు ఇంటికి వోయిండు.
ఈసారి నిచ్చెన ఎక్కింది నేను,
పట్టుకున్నది లచ్చిరాం.
తాళ్లు పండ్లతోటి కొరికిన.

ఆరు బస్తాలు కప్పిందట అది.
నలభై రెండింటిల ఆరు.

పొద్దుగాల సారుకు ఫోన్ జేసి
"గాలికి కొట్టుకవోయింది సార్" అన్న.
మొదటి తారీఖు జీతంల
ఆరొందలు కోసిండ్రు.
సంతకం వెట్టే ముందు
సున్నలు రెండు సరిగ చూస్కున్న.