పదకొండో బోల్టు

పోయిన నవంబరు, హీత్‌కోట్‌లో
మూడో గేరు మీదుండగా
కనెక్టింగ్ రాడ్ ఒకటి విరిగి
బ్లాకు డొక్క చీల్చుకుని బయటికొచ్చింది.
ఆ ముక్క ఇప్పుడు కరెంటు బిల్లుల మీద బరువు.

కోరియో తుక్కు యార్డులో నాలుగొందలకి
టాక్సీగా అరిగిన కారులోంచి ఇంకో బ్లాకు.
జీలాంగ్‌లో నా షెడ్డుకి
దాన్ని దుప్పటి కప్పి తెచ్చాం.

జ్వోంకో ఇంజన్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు చేశాడు.
మూతపడ్డ రోజు మైక్రోమీటరు జేబులో వేసుకొచ్చాడు.
దొంగతనం కాదు, భరణం అంటాడు.

ఈసారి పోత పోసినవి వద్దనుకున్నాం.
సమ్మెట తిన్న రాడ్లు, సమ్మెట తిన్న పిస్టన్లు.
కంసాలిలా ఆరింటినీ తూచి
నాలుగోదాని కడుపులో ఒక గ్రాము గీకాను.
రింగు కొసల మధ్య గోరు దూరనంత సందు.
అదీ లేకపోతే వేడికి ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయట.
రాత్రి ఆసుపత్రి ల్యాబులో నెత్తుటి చుక్కలు,
పగలు ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతులు.
రెండు చోట్లా ఊపిరి బిగబట్టడమే.

తెగేదాకా లాగకు అనేది మా అమ్మమ్మ.
రాడ్ బోల్టు దగ్గర అది సగమే నిజం.
లాగకపోతే పట్టే ఉండదు.
ఆరు థౌ సాగాలి,
వదిలితే మళ్లీ తన పొడుగుకి తాను రావాలి.

పన్నెండూ బిగించి, విప్పి, కొలిచాను.
పదకొండోది రాలేదు.
రెండు థౌ అక్కడే ఉండిపోయింది.
చూపుకి ఏ తేడా లేదు, తళతళలాడుతోంది.
జ్వోంకో దాన్ని బల్ల మీద పెట్టలేదు,
పొరపాటున కూడా నా చేతికి రాకుండా
చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాడు.
ఒక్కటి విడిగా అమ్మరు.
జీతం వచ్చేదాకా ఇంజన్ మీద దుప్పటి.

జూన్ చలిలో తాళం తిప్పాను.
టకటక, టకటక. నా మొహం పాలిపోయింది.
ఆగు, అన్నాడు చెయ్యెత్తి,
పిస్టన్లు ఇంకా చలిలో ఉన్నాయి, ఒళ్లు సాగనీ.
స్క్రూడ్రైవర్ పిడి
ఫ్యాక్టరీ తినగా మిగిలిన చెవికి ఆనించి
ఇరవై నిమిషాలు కళ్లు మూసుకున్నాడు.
టకటక ఎప్పుడాగిందో నేను చూసుకోలేదు,
ఆయన పెదాలే చూస్తున్నాను.

తర్వాత నూనె దించి, ఫిల్టరు రంపంతో కోసి,
కాగితాన్ని కుచ్చిళ్లు విప్పినట్టు విప్పి
మడత మడతకీ టార్చి వేశాం,
మెరుపేమైనా ఉందా అని.

నూనె నల్లగా ఉంది.
ఒక్క రవ్వ కూడా మెరవలేదు.

బాగుంది, అన్నాడు.
ఇంకోసారి చూడు.