ఏడో గడి

మిల్లు కూత మానేసిన వేసవి అది.
నెల్లిమర్లలో టైము ఎవరికీ తెలిసేది కాదు.
సైరనుకి లేచే మనుషులు
సైరను లేకుండానే లేచి
ఏం చెయ్యాలో తోచక
మళ్ళీ మంచం మీదే కూర్చునేవారు.

ఆ వేసవిలోనే, విజయనగరంలో
గంటస్తంభం దగ్గర కొన్న బిజినెస్ ఆట
మా వీధి అరుగెక్కింది.
ముందు పిల్లలం నలుగురం.
మూడో వారానికి మాకే చోటు లేదు:
స్పిన్నింగు అప్పలకొండ మావ,
బేలింగు సన్యాసిరావు మావ,
గోనెసంచులు కుట్టే తవిటమ్మత్త.

వంద నోట్లు చాలక
పాత గేటు పాసుల వెనక పెన్సిల్తో వంద అని రాసుకున్నాం.
మిల్లు లోపలికి పనికిరాని ఆ కాగితాలతో
కలకత్తా కొన్నాం, ఢిల్లీ కొన్నాం.

తవిటమ్మత్తకి చదువు రాదు.
ఊళ్ళని రంగుల్తో గుర్తుపట్టేది.
ఆమె కాయ చింతపిక్క.
మొదటి రోజు మొత్తం పోగొట్టుకుంది.
రెండో రోజు ఆడలేదు. ఎవరు ఎక్కడ దిగుతున్నారో
గోడ మీద బొగ్గుతో గీతలు పెడుతూ కూర్చుంది.
మూడో రోజు నుంచి
ఆమెని గెలిచినవాడు లేడు.

"బొంబాయి మీద మోజెట్టుకోకు గుంటడా.
కరీదెక్కువ, కాలెట్టేవోడు తక్కువ.
జైలు సూడు. ఎవుడైనా ఓపాలి ఆడకెల్లాల్సిందే.
బైటికొచ్చినోడు ఆరో గడికాడో ఏడో గడికాడో పడతాడు.
రెండు పాచికలకీ ఏడంటే మా ఇష్టం.
ఆ దారిలో కొను."

"ఒక ఇల్లు కట్టి మురిసిపోకు.
అద్దె ఎగిరేది మూడో ఇంటికాడ.
అందాక పస్తుండు."

ఒకసారి అద్దెకి నా దగ్గర డబ్బు లేదు.
అప్పు రాసుకో అత్తా, అన్నాను.
"ఆటలో అప్పెట్టినోడు ఇంటికాడ కూడా ఎడతాడు" అని
నాకున్న ఒకే ఒక్క రైలు స్టేషను లాక్కుంది.
సాయంత్రం తనే పిలిచి
గ్లాసుడు చోడి అంబలి పోసింది, ఉల్లిపాయ నంజుకోమంది.

"ఓటేలు కట్టకు. డబ్బాలో చెక్క ఇళ్ళు ఇన్నే ఉన్నాయి.
నాలుగేసి నాకాడే ఉంచుకుంటే
నీకు కట్టుకోడానికేటుంటాది?"
ఆ మాటకి సన్యాసిరావు మావ
పాచికలు గుప్పిట్లోనే పట్టుకుని
చాలాసేపు వెయ్యలేదు.
క్వార్టరు కోసం అర్జీ పెట్టి
పంతొమ్మిదేళ్ళయింది ఆయన.

"ఆకర్న జైలు పడితే ఏడవకు.
జరిమానా కట్టి బైటికి రాకు.
ఊరంతా అద్దెలైనప్పుడు
లోపల కూకున్నోడే దొర."

ఆ వారమే, గేటు ముందు బైఠాయించినందుకు
అప్పలకొండ మావని పట్టుకెళ్ళి మూడు రాత్రులుంచారు.
తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూ అన్నాడు:
"నిజవేనే తవిటీ, అద్దె అడగనేదు.
దోమలే."

తర్వాత అట్ట మడతల దగ్గర చిరిగింది.
మద్రాసు ఒక ముక్క, జైలు ఒక ముక్క.
ఎవరెవరో ఎటెటో పోయారు.

ఇప్పుడు నేను
సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురు రేకుల షెడ్డులో
దస్తావేజులు రాస్తాను.
తూర్పు: పంచాయతీ రోడ్డు. పడమర: మరొకరి స్థలం.
రోజూ ఇదే. చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది.

మొన్న తవిటమ్మత్త వచ్చింది.
మిల్లు సెటిల్మెంటు డబ్బు ఇన్నేళ్ళకి చేతికొచ్చిందట.
అరవై గజాలు.
లేఅవుటు కాగితం బల్ల మీద పరిచాను.
రంగు రంగుల గళ్ళు.
కళ్ళద్దాలు లేవు, ముఖం దానికి ఆనించి చూసింది.

"ఇందులో పోలీసు ఠాణా ఏదిరా?"

కాగితం అంచున చూపించాను.
అక్కడి నుంచి వేలు జరపడం మొదలుపెట్టింది,
గడి మీద గడి, తడబడకుండా.
నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే
నేనూ లోపల లెక్కపెట్టాను.

వేలు ఆగింది.

"రాయి" అంది,
సిరా దిండు తన వైపు లాక్కుంటూ.