తోక విరిగిన గరిటె

ఉదయగిరిలో మా వీధికి తెల్లారేది
ఆకురాయి గీకుడుతోనే.
నర్ది కొయ్య ఒక రకంగా ఏడుస్తుంది,
కల్ది ఇంకో రకంగా.
బిక్కి అయితే మా అత్త మాదిరి,
లొంగినట్టే ఉండి చివర్లో చీలుద్ది.

పోయిన నెల టూరిజం ఆయన వచ్చాడు,
మెడలో కార్డు, చేతిలో కాగితాలు.
"ఏడాదికి ఎంతమంది యాత్రికులు వస్తారమ్మా?"
నేనేమన్నా తలలు లెక్కబెట్టానా?
"శనాదివారాలు ఫోర్కులు పోతాయి సార్.
ఎండాకాలం సెలవుల్లో పిల్లోళ్ళ చెంచాలు.
వానలకి దుర్గం మీదనించి నీళ్ళు దూకితే
గరిటెలు."
ఆయన రాసుకోలేదు.
ఆ కాగితంలో గరిటెలకి గడి లేదంట.

నలభై రూపాయల గరిటె ఇది.
కొయ్యకి పన్నెండు,
ఆకురాయి అరుగుదలకి మూడు,
ఉప్పుకాగితానికి రెండు.
మిగిలింది ముగ్గురి చేతులది:
చెక్క చీల్చే ఖాసింపీరా,
గుంత తొలిచే నేను,
తోకన పువ్వు పెట్టే మా చెల్లి జైబున్నీ.
దీని వెంబడే నడిచొస్తాయి ఇంకొన్ని రూపాయలు,
బస్టాండులో సుబ్బరత్నమ్మ టీకి,
పెంచలయ్య ఆటోకి, లాడ్జీ దుప్పట్లు ఉతికే చాకిరేవుకి.
వస్తే అన్నీ చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తాయి.
రోగం తిరిగిన ఆ ఏడాది
అన్నీ కలిసే రాలేదు.
అటక మీద ఎనిమిది వందల గరిటెలు,
ఇంట్లో కలపడానికి కూర లేదు.

"ముప్పైకి ఇస్తావా?" అంటారు
కారు డోరన్నా ముయ్యకుండానే.
ఒకామె మాత్రం అట్ట అడగలేదు.
"ఈ కొయ్య పేరేంది?" అనింది.
పేరడిగిన మనిషికి చెట్టంతా చెప్పా.
ఏ కొండ వాలులో పెరుగుద్దో,
ఎండబెట్టేది ఎన్నాళ్ళో,
పులుసులో ఎంతసేపున్నా వాసన ఎందుకు పట్టదో,
మా తాతల తాతకి ఈ పని ఎవరు నేర్పారో
మాకే తెలీదని, అదీ చెప్పా.
చెబుతుంటే నాకే కొత్తగా ఉండింది.
అడిగేవాళ్ళు లేక
మా ఇంటి సంగతి మేమే వినలేదు అన్నాళ్ళూ.

రెండేళ్ళకి మళ్ళీ వచ్చింది,
చెన్నపట్నం నించి, తోక విరిగిన గరిటె పట్టుకుని.
"కొత్తది తీసుకోమ్మా."
"వద్దు, ఇది మా ఇంటి చారు ఎరిగింది."
ముక్కు దగ్గర పెట్టుకున్నా.
మెంతులు. ఇంగువ.
వాసన పట్టదని చెప్పా గదా, అబద్ధం.

జిగురు ఆరడానికి ఒక పూట పడుద్ది.
"అందాకా దుర్గం చూపించు" అనింది.
నలభై నాలుగేళ్ళుగా దాని నీడలో పడుకుని లేచా,
ఒక్కనాడూ ఎక్కలా.
కట్టెలకి పక్క కొండలెక్కా గానీ
ఊరికే చూడటానికి ఎవురన్నా కొండెక్కుతారా?

ఎక్కా.
మోకాళ్ళు మేం నీవి కాదన్నాయి.
కూలిన మసీదు గోడ, అల్లంత దూరాన గుడి మంటపం,
రెండిటి మీదా ఒకే జిల్లేడు.
రాయి మీద ఏ రాజు పేరో అరిగిపోయింది,
దాని పక్కన బొగ్గుతో రాసిన కిశోర్ పేరు
ఇంకా నల్లగా ఉంది.
కింద మా వీధి ఆకురాయంత.
మిద్దె మీద జైబున్నీ ఆరేసిన పచ్చ ఓణీ.
ఆమె ఫోటో తీసింది. కోటని అనుకున్నా.
చూపిస్తే మా వీధి.

దిగేటప్పుడు మలుపులో ఒక పిల్లోడు
బకెట్లో నిమ్మసోడాలు పెట్టుకుని కూర్చోనున్నాడు.
"ముప్పై" అన్నాడు.
"కింద ఇరవయ్యే గదరా!"
నా నోరే, ఆగలా.
వాడు నాతో వాదించలేదు,
వంగి మెట్ల వంక చూశాడు,
అన్నీ.
ముప్పై ఇచ్చా. పేరు కూడా అడిగా.
మాల్యాద్రంట.

ఇంటికొచ్చేసరికి జిగురు ఆరింది.
విరిగిన చోట ఇత్తడి తీగ నాలుగు చుట్లు చుట్టి ఇచ్చా.
దానికి ఎంతని ఆమె అడగలా, నేను చెప్పలా.
వెళ్ళేటప్పుడు ఆరు ఫోర్కులు కొనుక్కుంది,
బేరం లేకుండా.

ఆ టూరిజం ఆయన మళ్ళీ వస్తే చెప్పాలి,
ఈ ఏటి యాత్రికుల లెక్కలో
నన్ను కూడా ఒకటి వేసుకోమని.