బూర ఊదే చోటు

పిన్సెంట్ కోవ్‌లో హాలు ఒకటే.
బుధవారం బింగో,
ఎవరైనా పోతే ఆ మధ్యాహ్నం టీ, శాండ్‌విచ్‌లు,
శనివారం రాత్రి డార్కస్ పెన్నీ.
కుర్చీలవే. మరకలవే.
నాది ఫెర్రీ మీద తాళ్ళు కట్టే ఉద్యోగం.
మిగతా టైమంతా ఆమె ఆంప్లిఫయర్ మోయడం.

పగలు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టేది.
మొద్దుబారిన ఆ వేళ్ళతోనే
సాయంత్రం తీగలు వెతుక్కునేది.
పాటలన్నీ తూకం చీటీల వెనక రాసింది.
ఒక వైపు: కాడ్ చేప, నలభై రెండు కిలోలు.
రెండో వైపు:
నీ తలుపు కింది వెలుతురు
నా మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది.
ఏ వైపు ముట్టుకున్నా
తడి, ఉప్పు.

కొండకొమ్మున దీపస్తంభం.
పొగమంచు కమ్మితే నిమిషానికోసారి బూర.
హాలు గోడలు పల్చన.
మొదట్లో బూర వెళ్ళి పాట మీద పడేది,
పాట వెళ్ళి బూర మీద పడేది,
రెండూ నలిగిపోయేవి.
పోను పోను ఆమె
చరణంలోనే దానికి చోటు వదలడం నేర్చుకుంది.
మూడో పాదం చివర
తీగల మీద అరచెయ్యి ఆనించి,
ఇంట్లో పెద్దాయన దగ్గు తగ్గే దాకా
మాట ఆపుకున్నట్టు.
బూర ఊదేది.
అప్పుడు నాలుగో పాదం.
ఆకాశం తేటగా ఉన్న రాత్రి మాత్రం
ఆగకుండా పాడేసేది.

నా మాట విని ఒక క్యాసెట్టు చేసింది,
చర్చి నేలమాళిగలో. మూడొందల కాపీలు.
మొదటినించీ చివరిదాకా బాయిలర్ మోత.
సెయింట్ జాన్స్ రేడియో వాళ్ళు ఒక్కసారి వేశారు,
తెల్లవారుజామున,
వాతావరణానికీ చేపల ధరలకీ మధ్య.
ఊరంతా లేచి కూర్చుంది.
పేరు తప్పు చదివారు. డోరిస్ అన్నారు.
ఆ వారమంతా కత్తుల బల్ల దగ్గర
డోరిస్ అనే పిలిచాం.
పలికింది కూడా.

ఫ్యాక్టరీ మూసేసిన రోజు
గేటు దగ్గర పాడమన్నారు.
పాడలేదు.
కత్తి కడిగి, తుడిచి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని
నడిచి వెళ్ళిపోయింది.

పెళ్ళిళ్ళకి డబ్బు ఖచ్చితంగా పుచ్చుకునేది.
చావులకి పుచ్చుకునేది కాదు.
సైలస్ రైడవుట్ పడవ తిరిగి రానప్పుడు
ఖాళీ పెట్టె ముందు నిలబడి,
ఆమెని ఏడిపించడానికి అతను రోజూ పాడే
బూతు పాటే ఎత్తుకుంది,
నెమ్మదిగా, ఒక్కో మాటా దించి.
ఫాదరు బూట్లకేసి చూసుకున్నాడు.
సైలస్ భార్య వెల్మా
పల్లవి అందుకుంది.

ఆ తర్వాత గొంతులో గడ్డ.
ఆపరేషన్. ఆరు నెలలు
పలక మీద రాసి మాట్లాడింది.
తిరిగొచ్చిన గొంతు
నాలుగు మెట్లు దిగి ఉంది.
అంబ్రోస్ వైజ్‌మన్‌కి డెబ్బై మూడు,
అకార్డియన్ మీద పుట్టి బుద్ధెరిగి ఒకటే శ్రుతి.
ఎవరితోనూ అనకుండా పాత పడవ ఇంజను అమ్మి
కింది శ్రుతిది కొనుక్కొచ్చాడు.
మేమూ దిగాం.
ఆడవాళ్ళు మగవాళ్ళ చోటికి,
మగవాళ్ళం ఇంకా కిందికి,
కాలికి నేల తగిలే దాకా.
ఇప్పటి పిల్లలకి
ఆ పాటలు ఇంకో ఎత్తులో ఉండేవని తెలీదు.

కిందటేడు బూర తీసేశారు.
పడవల్లో తెరలున్నాయి, చాలు, అన్నారు.
ఇప్పుడు మంచున్నా లేకున్నా
మూడో పాదం చివర ఆగుతుంది డార్కస్.
ఎవరూ కుర్చీ లాగరు.
కొత్త టీచరమ్మ, పాపం, మరిచిపోయిందనుకుని
పదం అందించబోయింది.
వెల్మా ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

ఎంతసేపు ఆగాలో ఎలా తెలుస్తుంది,
అడిగాను ఒక రాత్రి, సామాను సర్దుతూ.
అది ఊదడం అయ్యాక మొదలెడతాను, అంది.
ఆ వైరు సరిగ్గా చుట్టు,
మళ్ళీ తెగుతుంది, అంది.